న్యూజెర్సీలో నానీ షేరింగ్: మంచి మనిషి దొరికింది, ఇక రెండో ఇల్లు దొరకాలి

ఎడిసన్, ఐసలిన్, పిస్కాటవే, నార్త్ బ్రన్స్‌విక్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ ఇబ్బంది దాదాపు ఒకే తీరుగా వస్తుంది. పాపను బాగా చూసుకునే మనిషి, అంటే నానీ, దొరుకుతుంది. ఇంటికి కావలసింది వారానికి 20, 25 గంటలే. ఆ గంటలతో ఆమెకు ఇల్లు గడవదు. కొన్నాళ్ళు చూసి, 40 గంటలు ఇచ్చే ఇల్లు తగలగానే వెళ్ళిపోతుంది. పాప మళ్ళీ కొత్త ముఖానికి అలవాటు పడాలి. ఆమెను నిలుపుకోవాలంటే ఇంకో కుటుంబాన్ని కలుపుకోవడం (నానీ షేరింగ్) తప్ప చాలామందికి దారి లేదు. ఆ కుటుంబాన్ని వెతికే మార్గాల్లో ఏది ఎంతవరకు పనికొస్తుంది, దొరికాక లెక్క ఎలా కుదురుతుంది, ఎక్కడ తెగుతుంది అన్నవి ఈ సమీక్షలో చూద్దాం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. ఈ ఏర్పాటు నానీ వల్ల చెడేది తక్కువ, రెండు ఇళ్ళ మధ్య చెడేదే ఎక్కువ. నానీని రెండు గంటలు ఇంటర్వ్యూ చేసిన తల్లిదండ్రులు రెండో కుటుంబంతో పార్కులో పావుగంట మాట్లాడి సరే అనేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు తేల్చుకోవలసింది: కలిపి చూడడమా, రోజులు పంచుకోవడమా

షేరింగ్ అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి, ఇద్దరు పిల్లల్నీ ఒకే ఇంట్లో ఒకే సమయంలో చూడడం. రెండోది, సోమ మంగళవారాలు ఒక ఇల్లు, బుధ గురు శుక్రవారాలు ఇంకో ఇల్లు అని రోజులు పంచుకోవడం. మొదటి దాంట్లో ప్రతి ఇంటికీ ఖర్చు తగ్గుతుంది, కానీ నానీకి గంటలు పెరగవు. రెండో దాంట్లో నానీకి గంటలు నిండుతాయి, మీకు మాత్రం ఒక్క డాలర్ కూడా తగ్గదు. మీ నానీ గంటలు చాలక వెళ్ళిపోయేలా ఉంటే మొదటి పద్ధతి ఆమెను ఆపాలంటే గంట రేటు బాగా పెరగాలి. ఈ తేడా తెలియకుండా వెతకడం మొదలుపెడితే రెండు వారాలు వృథా.

రోజులు పంచుకునే పద్ధతికి ఇక్కడ ఒక పెద్ద అడ్డంకి ఉంది. హైబ్రిడ్ ఉద్యోగాల్లో చాలామంది ఆఫీసుకు వెళ్ళేది మంగళ, బుధ, గురువారాలు. మీకు కావలసిన ఆ మూడు రోజులే అవతలి ఇంటికీ కావాలి. సోమ, శుక్రవారాలు ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి రోజులు పంచుకోవాలనుకుంటే ఐటీ ఉద్యోగుల ఇళ్ళలో కాక, షిఫ్టుల్లో పనిచేసే నర్సులు, ఫార్మసిస్టులు, రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్ల ఇళ్ళలో వెతకండి. ఐటీ ఇల్లే దొరికితే మంగళ, బుధ, గురువారాలు పిల్లల్ని కలిపి చూడడం ఒక్కటే కుదురుతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. బడికి వెళ్ళే పిల్లలున్న ఇంటికి మధ్యాహ్నం 3 నుంచి 6 దాకానే మనిషి కావాలి. మీ ఇంట్లో నానీ పని 2.30కి ముగిస్తే ఆ ఇల్లు మీకు సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి జంట కుదిరితే చాలాకాలం నిలుస్తుంది, ఎందుకంటే ఎవరి గంటలూ ఎవరికీ అడ్డురావు.

వెతికే దారులు

నానీనే అడగడం: 5కి 4.5. ఎందుకో చాలామంది దీన్ని చివరికి పెట్టుకుంటారు. ఆమె ఇంతకుముందు పనిచేసిన ఇళ్ళు, పార్కులో పరిచయమైన తల్లులు, లైబ్రరీ స్టోరీటైమ్‌లో కలిసే మిగతా నానీలు, వీళ్ళందరి సమాచారం ఆమె దగ్గర ఉంటుంది. ఎవరి ఇంట్లో జీతం సమయానికి ఇస్తారో, ఎవరు ఆలస్యంగా వస్తారో ఆమెకే తెలుసు. "ఇంకో కుటుంబాన్ని చూద్దామనుకుంటున్నాం, నీకు ఎవరి దగ్గర పని చేయడం హాయిగా ఉంటుంది?" అని అడగండి. ఆమెకు ఇష్టం లేని ఇంటితో కలిపితే మీరూ ఆమెను పోగొట్టుకుంటారు. అర మార్కు తగ్గించడానికి కారణం, మొహమాటంతో కొందరు తమ బంధువుల ఇంటి పేరు చెబుతారు.

అపార్ట్‌మెంట్ లేదా టౌన్‌హోమ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్: 5కి 4. దూరమే ఇక్కడి బలం. రెండో ఇల్లు నడిచి పది నిమిషాల్లోపు ఉంటే జనవరి మంచులోనూ ఏర్పాటు నడుస్తుంది. కారులో ఇరవై నిమిషాలైతే ఉదయం డ్రాప్, మీ మీటింగ్ రెండూ ఒకేసారి కూలతాయి. పోస్టులో పిల్ల వయసు నెలల్లో, కావలసిన రోజులు, గంటలు, ఎవరి ఇంట్లో, నెలకు ఎంత అనుకుంటున్నారు, శాకాహారమా కాదా, కుక్కా పిల్లీ ఉన్నాయా, ఎన్నాళ్ళకు అన్నవి ఉండాలి. నానీ పేరు, ఫోన్ నంబర్, ఫోటో పెట్టకండి. పెడితే గ్రూపులో ఇంకెవరో గంటకు రెండు డాలర్లు ఎక్కువిచ్చి ఆమెనే తీసుకుపోతారు.

పెద్ద తెలుగు గ్రూపులు, గుడి పరిచయాలు, సులేఖ లాంటి ప్రకటనలు: 5కి 3. తెలుగు మాట్లాడే ఇల్లు, పప్పన్నం తినే పిల్ల కావాలంటే ఇక్కడే దొరుకుతుంది. కానీ జనం జిల్లా అంతా పరచుకుని ఉంటారు, పది విచారణల్లో ఎనిమిది దూరం దగ్గరే ఆగిపోతాయి. భాష కోసం దూరాన్ని ఒప్పుకోవద్దన్నది మా మాట. పక్క వీధి గుజరాతీ ఇల్లో చైనీస్ ఇల్లో పది మైళ్ళ అవతలి తెలుగింటికన్నా మేలు.

నెక్స్ట్‌డోర్: 5కి 3. చిరునామా సరిచూసుకున్నాకే సభ్యత్వం ఇస్తుంది కాబట్టి నిజంగా పొరుగువాళ్ళే వస్తారు. చిన్న పిల్లలున్న ఇళ్ళు మాత్రం అక్కడ అంత చురుగ్గా కనబడవు.

కేర్ డాట్ కామ్: రెండో కుటుంబం కోసం 5కి 2, నానీ కోసం 3. ప్రకటన ఉచితంగా పెట్టవచ్చు, కానీ సందేశాలు పంపాలంటే డబ్బు కట్టి సభ్యత్వం తీసుకోవాలి. 2024 ఆగస్టులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ సంస్థపై చర్య తీసుకుంది. ఉద్యోగాలు, జీతాల గురించి పెంచి చెప్పిందని, సభ్యత్వం రద్దు చేసుకోవడం కష్టం చేసిందని ఆరోపణ. 85 లక్షల డాలర్లు చెల్లించేందుకు సంస్థ ఒప్పుకుంది. వాడదలిస్తే ఒక్క నెలకే తీసుకుని, తీసుకున్న రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. అందులో కనబడే నేపథ్య తనిఖీ బ్యాడ్జి ఒక ప్రారంభం మాత్రమే. మీ సొంత తనిఖీ మీరు చేసుకోవాలి.

రెండో ఇంటిని అడగవలసినవి

రెండు కుటుంబాలూ ఇళ్ళలోనే, పిల్లలతో సహా కలవాలి. పార్కులో అందరి పిల్లలూ బుద్ధిమంతులే.

జ్వరం సంగతి అన్నిటికన్నా ముందు. ఎంత వేడి ఉంటే పిల్లను పంపకూడదు అన్నది అంకెలో రాసుకోవాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పంపకూడదు, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే రావాలి, వాంతి లేదా విరేచనం ఆగి 24 గంటలు గడవాలి. ఈ మూడు వాక్యాల దగ్గర నసిగే ఇల్లు మొదటి నవంబరులోనే ఇబ్బంది పెడుతుంది. ఉదయం టైలెనాల్ (జ్వరం మందు) వేసి పంపిస్తే మధ్యాహ్నానికి ఇద్దరు పిల్లలూ, సాయంత్రానికి నానీ పడతారు. అప్పుడు రెండిళ్ళవాళ్ళూ సెలవు పెట్టాలి. టీకాల రికార్డు కూడా చూడండి, సిగ్గుపడవలసిన పని లేదు. మొదటి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) డోసు 12 నుంచి 15 నెలల మధ్య పడుతుంది కాబట్టి అంతకన్నా చిన్న పిల్ల ఉన్న ఇంటికి అవతలి పిల్ల టీకాలు నిజంగా ముఖ్యం.

తిండి దగ్గర తెలుగిళ్ళు ఒకటి మర్చిపోతాయి. మన వంటింట్లో పల్లీ పచ్చడి, నువ్వుల పొడి, జీడిపప్పు లేని రోజుండదు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు కూడా ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో తొమ్మిదోదిగా ఉన్నాయి. అవతలి పిల్లకు పల్లీ అలర్జీ ఉంటే మీ ఇంట్లో షేర్ నడపడమంటే మీ ఇడ్లీ పచ్చడి మార్చుకోవడమే. ఎపిపెన్ (అలర్జీ తీవ్రమైతే వెంటనే వేసే ఇంజెక్షన్) ఎక్కడుంటుంది, నానీకి వాడడం వచ్చా అన్నవి అలర్జీ ఉన్న ఇల్లే చూపించాలి. ఏడాది నిండని పిల్లకు తేనె చుక్క కూడా వద్దు, బొటులిజం అనే విషప్రభావ ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళు వేలితో నాకించే అలవాటున్న ఇల్లైతే ఈ మాట నానీ ముందే చెప్పాలి.

నిద్ర ఇంకొకటి. చీర ఊయలలో పడుకునే పిల్ల, క్రిబ్‌లో పడుకునే పిల్ల ఒకే గదిలో కుదరరు. పసిబిడ్డను వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలన్నది ఇక్కడి పిల్లల డాక్టర్లందరి మాట. 10 డిగ్రీలకన్నా వాలుగా ఉండే పసిపిల్లల పడకలను, క్రిబ్ బంపర్లను (అంచుల చుట్టూ కట్టే మెత్తలు) 2022లో ఫెడరల్ చట్టమే నిషేధించింది. నానీ ఇద్దరికీ ఒకే పద్ధతి పాటించాలి. ఒకరికి ఊపుతూ, ఇంకొకరికి ఊపకుండా ఆమె ఎన్నాళ్ళో చేయలేదు.

వయసు తేడా మూడు నుంచి పన్నెండు నెలలైతే బాగుంటుంది. ఇద్దరూ ఆరు నెలల లోపువాళ్ళైతే ఒకేసారి ఇద్దరికీ సీసా పట్టాలి, అది కష్టం. రెండేళ్ళ తేడా ఉంటే పెద్దపిల్ల లెగో ముక్కలు పాకే పిల్ల నోట్లోకి వెళతాయి.

ఎవరింట్లో అన్నది చివరికి తేలేది నిద్రను బట్టే. ఏడాది లోపు పిల్లలుంటే వారం వారం ఇల్లు మార్చకండి. ఒకే ఇల్లు, ఒకే క్రిబ్ ఉండాలి. ఇల్లు ఇచ్చిన కుటుంబానికి డ్రాప్ బాధ లేదు, కానీ కరెంటు, పాలు, పళ్ళు, కార్పెట్ శుభ్రం వాళ్ళ మీదే పడతాయి. దానికి బదులుగా అవతలివాళ్ళు నెలకు ఒక నిర్ణీత మొత్తం ఇవ్వడం, లేదా డబుల్ స్ట్రోలర్, రెండో హైచైర్, ప్యాక్ అండ్ ప్లే (మడిచే పడక) వాళ్ళే కొనడం న్యాయం. పక్కపక్క సీట్ల స్ట్రోలర్ కొనేముందు తలుపు, లిఫ్టు వెడల్పు టేపుతో కొలవండి. నానీ కారులో తిప్పేలా ఉంటే రెండు కార్ సీట్లు పడతాయో లేదో చూడాలి. న్యూజెర్సీలో రెండేళ్ళు నిండని, 30 పౌండ్ల లోపు పిల్లను వెనక్కి తిరిగిన సీట్లోనే కూర్చోబెట్టాలి.

డబ్బు లెక్క

కలిపి చూసే పద్ధతిలో వాడుకలో ఉన్న సూత్రం, ఒక్క పిల్లకు అడిగే రేటులో మూడింట రెండు వంతులు ఒక్కో ఇల్లు ఇవ్వడం. ఉదాహరణకు ఒంటరిగా గంటకు 27 డాలర్లు అడిగే మనిషికి ఒక్కో ఇల్లు 18 ఇస్తే ఆమెకు 36 అందుతుంది. వారానికి 25 గంటలైతే మీ వాటా 450, ఒంటరిగా పెట్టుకుంటే 675 అయ్యేది. వారానికి 225 మిగులుతుంది, ఆమెకూ అంతే పెరుగుతుంది. "ఇద్దరం చెరి సగం, 13.50 చొప్పున" అని బేరమాడే ఇల్లు కనబడితే అక్కడే ఆపండి. ఇద్దరు పిల్లల పనికి ఒక్క పిల్ల జీతం అడగడమది, పైగా ఒక్కో ఇంటి 13.50 వాటా రాష్ట్ర కనీస వేతనానికి తక్కువ. న్యూజెర్సీ కనీస వేతనం 2026లో గంటకు 15.92. వాదనకు తావు లేకుండా మీ ఒక్క వాటాయే దానికి పైన ఉండేలా చూసుకోండి.

450 మీద యజమానిగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటా 7.65 శాతం, అంటే వారానికి 34 డాలర్ల పైచిలుకు. ఫెడరల్ నిరుద్యోగ పన్ను మొదటి 7,000 మీద సాధారణంగా 0.6 శాతం, ఏడాదికి 42. రాష్ట్రం పన్నులు దీనికి అదనం. వారానికి 40 గంటలు దాటితే దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు. జీతంతో కూడిన సిక్ లీవ్ న్యూజెర్సీలో పార్ట్‌టైమ్‌కీ ఉంది: పనిచేసిన ప్రతి 30 గంటలకు ఒక గంట, ఏడాదికి 40 దాకా. వారానికి 25 గంటల మనిషికి ఏడాదిలో ఆ 40 పూర్తిగా జమవుతాయి. ఇది బడ్జెట్‌లో వేసుకోనివాళ్ళు ఫిబ్రవరిలో గొడవపడతారు.

కాగితాలు

"క్యాష్ ఇచ్చేద్దాం, ఎందుకీ గోల" అనే రెండో కుటుంబం మీకు వద్దు. ఒక ఇంటి నుంచి ఏడాదిలో నానీ జీతం 2026లో 3,000 డాలర్లు చేరితే ఆ ఇల్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టాలి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో ఆమె మీ ఉద్యోగి, కాంట్రాక్టర్ కాదు, కాంట్రాక్టర్లకిచ్చే 1099 ఫారం ఇవ్వడం తప్పు. ప్రతి ఇంటికీ వేరే ఈఐఎన్ (యజమాని నంబర్), వేరే డబ్ల్యూ-2 (ఏటా ఇచ్చే జీతం పత్రం), ఎవరి ట్యాక్స్ రిటర్నుతో వాళ్ళ షెడ్యూల్ హెచ్ (ఇంటి ఉద్యోగి పన్నుల ఫారం). ఈఐఎన్ ఐఆర్‌ఎస్ సైట్లో ఉచితంగా వస్తుంది. ఒక ఇల్లు మొత్తం జీతమిచ్చి రెండోది ఆ ఇంటికి జెల్ (బ్యాంకు చెల్లింపు సేవ) ద్వారా తన వాటా పంపే పద్ధతి సులువుగా కనబడుతుంది కానీ, అలా చేస్తే యజమాని భారమంతా ఒకరి మీదే పడుతుంది. రెండో ఇంటికి, పిల్లల సంరక్షణ ఖర్చుకు పన్ను లేకుండా జీతం పక్కన పెట్టే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ కోసం చూపించడానికి సరైన కాగితమూ మిగలదు. ఆ ఎఫ్‌ఎస్‌ఏ పరిమితి 2026 నుంచి ఇంటికి 5,000 నుంచి 7,500కు పెరిగింది. 22 శాతం శ్లాబులో ఉన్న ఇంటికి, కంపెనీ ఆ పథకాన్ని పూర్తిగా ఇస్తే, సుమారు 2,200 డాలర్లు మిగులుతాయి. యజమానిగా కట్టే పన్ను ఎక్కువ భాగం ఇందులోనే తిరిగి వస్తుంది.

మన సమాజంలో అందరూ మెల్లగా మాట్లాడే విషయం ఒకటుంది. కూతుర్ని చూడడానికి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దావిడ పక్కింటి పిల్లను డబ్బుకు చూసుకోవడం వీసా నిబంధనలకు విరుద్ధం. తన సొంత మనవరాలిని చూసుకోవడం వేరు. ఎఫ్-1 విద్యార్థిని అనుమతి లేకుండా ఇళ్ళలో బేబీసిట్టింగ్ చేయకూడదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే వీసా) మీదున్న ఆవిడకు ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉండాలి. పట్టుబడితే మీకన్నా ముందు నష్టపోయేది ఆమే, అందుకే ఇందులో మొహమాటం పనికిరాదు. పని మొదలైన మూడు పనిదినాల్లో ఐ-9 (పని అర్హత సరిచూసే ఫారం) పూర్తి చేసి, ఈఏడీ గడువు తేదీని రెండిళ్ళ క్యాలెండర్లలోనూ రాసుకోండి. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు పాత 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు రాకముందే గడువు ముగిస్తే ఆమె పని ఆపాల్సిందే.

రాతపూర్వక ఒప్పందం మర్యాద కోసం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యూజెర్సీ ఇంటిపనివారి హక్కుల చట్టం ప్రకారం నెలకు 5 గంటలకు మించి పనిచేసేవారికి ఒప్పందం రాసివ్వాలి. నేపథ్య తనిఖీ సంస్థ ద్వారా చేయిస్తే ముందు ఆమె రాతపూర్వక అనుమతి కావాలి. సీపీఆర్ సర్టిఫికెట్ రెండేళ్ళకే చెల్లుతుంది, తేదీ చూడండి. తనిఖీ ఖర్చు రెండిళ్ళూ పంచుకోండి, నివేదిక ఇద్దరూ చదవండి.

ఎక్కడ తెగుతుంది

తెలుగిళ్ళ షేర్‌లు విరిగే పెద్ద కారణం ఒక్కటే: ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వస్తారు. ఆరు నెలలుంటారు కాబట్టి "ఈ ఆరు నెలలు నానీ అక్కర్లేదు" అని ఒక ఇల్లు వారం ముందు చెబుతుంది. రెండో ఇల్లు 27 ఇవ్వలేదు, నానీ 18కి ఉండలేదు. ఇద్దరికీ ఆమె పోతుంది. ఒప్పందంలో ఈ పేరుతోనే ఒక వాక్యం రాయండి: పెద్దవాళ్ళు వచ్చినా 60 రోజుల నోటీసు ఇవ్వాలి, లేదా వారానికి ఇన్ని గంటలు కొనసాగించాలి. నిజానికి డెబ్బై ఏళ్ళ పెద్దావిడకు పరుగెత్తే పిల్లతో రోజుకు పది గంటలు భారమే. వారానికి 12 గంటలైనా నానీని ఉంచుకుంటే ఆవిడకూ ఊపిరి ఆడుతుంది.

డిసెంబరులో నాలుగైదు వారాల ఇండియా ప్రయాణం రెండోది. ఆ వారాల జీతం ఇస్తారా లేదా అన్నది టికెట్లు కొనకముందే తేలాలి. ఏడాదికి 52 వారాల హామీ గంటలు, అందులో నానీ తీసుకునే రెండు వారాల సెలవు కలిపి అన్నది మా సిఫార్సు. మీరు వెళితే మీ సెలవు, ఆమె జీతం ఆగదు. డేకేర్ కూడా మీరు ఊరెళితే ఫీజు తగ్గించదు కదా.

మూడోది సాయంత్రం ఆలస్యం. పెన్ స్టేషన్ నుంచి మెట్రోపార్క్, ఎడిసన్ వచ్చే నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలు ఆగిపోతే ఇద్దరు తండ్రులూ ఒకే బోగీలో ఇరుక్కుంటారు. రెండిళ్ళలో కనీసం ఒకరు ఆ రోజు రైలెక్కనివాళ్ళుండేలా వారం ముందు చూసుకోండి. ఆలస్యమైన ప్రతి పావుగంటకు ఆలస్యం చేసిన ఇల్లే కట్టాలి, రెండూ కాదు.

సెప్టెంబరు మరొకటి. ఒక పిల్ల ప్రీస్కూలుకు వెళితే ఏర్పాటు ఆ నెలతో ముగిసినట్టే. జూన్‌లోనే మాట్లాడుకుంటే మూడో ఇల్లు వెతకడానికి రెండు నెలలు దొరుకుతాయి.

మొదలుపెట్టేముందు రెండు రోజులు జీతమిచ్చి ట్రయల్ పెట్టండి, ఇద్దరు పిల్లలతో, అసలు నడిపే ఇంట్లోనే. మొదటిరోజు ఏడుపు సహజం, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. రెండోరోజు మధ్యాహ్న నిద్ర ఎలా గడిచిందో చూడండి. తర్వాత మొదటి నెల ప్రతి ఆదివారం పెద్దలు నలుగురూ పావుగంట ఫోన్లో మాట్లాడుకోవాలి, నానీ లేకుండా. ఆమెతో మాట్లాడేది మాత్రం ఎప్పుడూ రెండిళ్ళూ కలిసే. ఒక ఇల్లు "నిద్రపుచ్చు" అని, ఇంకో ఇల్లు "లేపు" అని విడివిడిగా మెసేజ్ పెడితే ఆమెకు ఇద్దరు యజమానుల కోపం మిగులుతుంది.

షేర్ ముగిసే రోజు ఆమె కొత్త చిరునామా రెండిళ్ళూ రాసుకోవాలి. ఆగస్టులో వెళ్ళిపోయినా జనవరి 31కి డబ్ల్యూ-2 రెండిళ్ళ నుంచీ ఆమెకు అందాలి.